60 నానోసెకన్ల కేంద్రకం చిక్కిందెలా?

పుట్టిన చోటి నుంచి డిటెక్టర్‌ను చేరేలోపే నశించిపోయే కేంద్రకం ఆయుష్షును ఎలా కొలవాలి? జర్మనీలో డార్మ్‌స్టాట్‌లోని జీఎస్ఐ పరిశోధనశాల 2025లో ప్రకటించిన రూథర్‌ఫోర్డియం-252 విషయంలో ఎదురైన అసలు చిక్కు ఇదే. 104 ప్రోటాన్ల పరస్పర వికర్షణ వల్ల తనంతట తానే చీలిపోయే ఈ ఐసోటోప్ అర్ధాయువు, అంటే ఉన్న కేంద్రకాల్లో సగం నశించడానికి పట్టే కాలం, 60 నానోసెకన్లు మాత్రమే (నానోసెకను అంటే సెకనులో వంద కోట్ల వంతు).

సీసం-204 రేకును టైటానియం-50 అయాన్లతో ఢీకొట్టించినప్పుడు, అరుదుగా రెండు కేంద్రకాలు కలిసిపోయి రెండు న్యూట్రాన్లను వదిలేస్తే ఈ ఐసోటోప్ ఏర్పడుతుంది. కాంతి వేగంలో దాదాపు రెండు శాతం వేగంతో దూసుకుపోయినా, 60 నానోసెకన్లలో అది దాటేది సుమారు 36 సెంటీమీటర్లే. మిగతా అయాన్లను పక్కకు మళ్లించే అయస్కాంతాల వరుస దాటి డిటెక్టర్‌ను చేరాలంటే మూడున్నర మీటర్లు, అంటే దాదాపు పది అర్ధాయువుల కాలం, ప్రయాణించాలి. పాఠాల్లో అర్ధాయువును గ్రాముల కొద్దీ పదార్థం తరిగిపోయే లెక్కగానే చెప్పి వదిలేస్తారు గానీ, పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునేవారికి అది బతికి బయటపడే అవకాశాల లెక్క: పదిసార్లు సగం చేస్తే మిగిలేది వెయ్యికి ఒక్కటి.

దీనికి దొరికిన ఉపాయం అద్భుతమైనది: కేంద్రకాన్ని ఎక్కువ కాలం నిలిచే మరో స్థితిలో డిటెక్టర్ దాకా చేర్చడం. భూస్థాయిలో, అంటే కేంద్రకానికి అతి తక్కువ శక్తి ఉండే స్థితిలో, ప్రోటాన్లు, న్యూట్రాన్లు జంటలు కట్టి ఒకదాని కోణీయ ద్రవ్యవేగాన్ని (భ్రమణపు జోరును) మరొకటి రద్దు చేసుకుంటాయి; ఒక జంట విడిపోతే, సాగిన ఆకారంలో ఉన్న కేంద్రకపు అక్షం వెంట పెద్ద కోణీయ ద్రవ్యవేగం మిగులుతుంది. దాన్ని ఒక్కసారిగా వదిలించుకోవడం కష్టం, ఆ స్థితిలో చీలడం మరీ కష్టం. అందుకే ఎక్కువ శక్తి గల ఈ స్థితి, అంటే ఐసోమర్, మామూలుగా మనం ఊహించే దానికి విరుద్ధంగా, భూస్థాయి కంటే రెండు వందల రెట్లకు పైగా ఎక్కువ కాలం, 13 మైక్రోసెకన్ల అర్ధాయువుతో, నిలుస్తుంది. ఆ ప్రయాణంలో ఐసోమర్లు నశించేది మూడు శాతం మేరకే.

సిలికాన్ డిటెక్టర్‌లో దిగబడ్డాక ఐసోమర్ భూస్థాయికి జారుతూ ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది. అది మొదటి సంకేతం. ఆ క్షణాన డిటెక్టర్ లోపలే భూస్థాయి కేంద్రకం పుట్టినట్లు లెక్క. వెంటనే వచ్చే విచ్ఛిత్తి (కేంద్రకం చీలడం) సంకేతం దాని మరణం. ఈ రెంటి మధ్య వ్యవధులను పోగేస్తే 60 నానోసెకన్లు తేలుతుంది.

కేంద్రకం కనీసం సెకనులో వంద లక్షల కోట్ల వంతు కాలం నిలిస్తేనే దాన్ని మూలకంగా పరిగణిస్తారు. ఎలక్ట్రాన్లు చుట్టూ కుదురుకోవడానికి సుమారుగా ఆ వ్యవధి కావాలి. రూథర్‌ఫోర్డియం-252 ఆయుష్షు ఇప్పటికీ ఆ హద్దుకు అరవై లక్షల రెట్లు పైనే ఉంది. భూస్థాయి అంతకంతకూ అల్పాయుష్షుగా మారే ఐసోటోపుల కోసం ఇకపై ముందుగా వెతకాల్సింది వాటి ఐసోమర్లనే.