అంపైర్ బంతి వదిలేదాకా

2025 సీజన్‌లో లాస్ ఏంజిలిస్ రామ్స్ పదే పదే 13 అనే ఆటగాళ్ల కూర్పుతో దిగడంతో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాత తగాదా మళ్లీ రాజుకుంది. మొదటి అంకె బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లది, రెండోది అడ్డుకోవడమూ పాస్ అందుకోవడమూ చేసే టైట్ ఎండ్లది; బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌నూ లైన్‌మెన్‌నూ తీసేస్తే ఉండే ఐదుగురిలో మిగిలినవాళ్లు పాస్‌లు అందుకునే వైడ్ రిసీవర్లు. అంటే 13లో ఉండేది ఒకే ఒక్క రిసీవర్. ముగ్గురు రిసీవర్లుండే 11తోనే 2018లో దాదాపు సీజనంతా నెట్టుకొచ్చిన రామ్స్ కోచ్ షాన్ మెక్‌వే ఇలా మారడం వింతే. ఈ బరువైన గుంపు పాస్‌లు ఆడుతుంటే డిఫెన్స్ ఎవరిని దించాలి అన్నది పైకి వినిపించే ప్రశ్న. అసలు పేచీ మాత్రం దించడానికి వాళ్లకు ఎంత వ్యవధి దొరకాలన్నదే.

ఫుల్‌బ్యాక్ ఎలా మరుగున పడ్డాడో, మూడో రిసీవర్ ఎలా స్థిరపడ్డాడో ఆట చూసేవాళ్లకు తెలిసిందే. ఈ గొడవ వేరు అక్కడ లేదు. 1989 జనవరి 8న సిన్సినాటిలో ఉంది.

అప్పటికి డిఫెన్స్‌లు డౌన్ డౌన్‌కీ (పది గజాలు గెలవడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కోటి ఒక డౌన్) మనుషుల్ని మార్చడం మరిగాయి. దూరం ఎక్కువుంటే బరువైన లైన్‌బ్యాకర్ ఒకడు బయటికి, రిసీవర్లను కాసే అదనపు కార్నర్‌బ్యాక్ లోపలికి. బెంగాల్స్ కోచ్ సామ్ వైష్ దీనికి విరుగుడుగా ప్లేకి ముందు గుమిగూడి మాట్లాడుకునే హడిల్‌ను మానేయడమో, బంతి పక్కనే రెండు ముక్కల్లో ముగించడమో చేశాడు. మార్పిడి సగంలో ఉండగానే స్నాప్, అంటే బంతి వెనక్కి అందించి ప్లే మొదలెట్టడం. పన్నెండోవాడు ఇంకా గీత దాటకపోతే ఐదు గజాల పెనాల్టీ. మార్పిడికి అసలు ప్రయత్నించకపోతే, పరుగును ఆపడానికి దించిన బరువైన మనిషే రిసీవర్ వెంట పరుగెత్తాలి. ప్లేఆఫ్‌లో సియాటిల్ ఆటగాళ్లు ఆట ఆపించడానికే దెబ్బ తగిలినట్టు పడిపోతున్నారని విమర్శలొచ్చాయి. తర్వాతి ప్రత్యర్థి బఫెలో కూడా అదే దారి పడుతుందన్న సూచనలు వచ్చాయి. దాంతో ఆటకు కొద్ది గంటల ముందు లీగ్ ఆఫీసు వైష్‌కు కబురు పంపింది: ఆ పద్ధతి వాడితే పెనాల్టీ తప్పదు.

సీజన్ పొడుగునా ఎవరూ ఆపని ఎత్తుగడ సెమీఫైనల్ నాటి పొద్దున నేరమైపోయింది! వైష్ మండిపడ్డాడంటే పడడా మరి. అది లేకుండానే బెంగాల్స్ 21-10తో గెలిచారన్నది వేరే సంగతి.

ఓడిన బఫెలో బిల్స్ ఏం చేశారో చూడండి. 1990 నాటికి హడిల్ లేని ఆటనే తమ ప్రధాన ఆయుధం చేసుకున్నారు. టైట్ ఎండ్ కీత్ మెకెల్లర్ పేరు మీద దాన్ని కె-గన్ అన్నారు. క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీ లైన్ దగ్గరే ప్లే పిలిచేవాడు, అవే పదకొండు శాల్తీలు ప్లే వెంట ప్లే ఆడేవి, అవతల అలసిన డిఫెన్సివ్ లైన్‌మన్ బయటికి పోదామంటే సందు దొరికేది కాదు. వరసగా నాలుగు సూపర్ బౌల్స్‌కు వెళ్లారు, నాలుగూ ఓడారు గానీ. ఇక ఆ తర్వాత దీన్ని మోసమనడానికి ఎవరికీ నోరు లేకపోయింది.

ఇప్పటి నిబంధన ఆ రెండు పక్షాల మధ్య రాజీ లాంటిది. అఫెన్స్ మనిషిని మారిస్తే అంపైర్ బంతి మీద నిలబడతాడు, డిఫెన్స్ తన మార్పు చేసుకునేదాకా స్నాప్ ఉండదు. డిఫెన్స్ మార్పు పూర్తికాకముందే స్నాప్‌కు గడువు చెప్పే ప్లే క్లాక్ అయిపోతే మాత్రం ఆలస్యం శిక్ష అఫెన్స్‌కే. అఫెన్స్ ఎవర్నీ మార్చకపోతే మాత్రం ఆగాల్సిన పనే లేదు.

ఈ చివరి వెసులుబాటును పిండుకున్నది 2011 నాటి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్. అంతకు ముందటేడు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 42వ పిక్‌తో రాబ్ గ్రాంకౌస్కీని, 113వ పిక్‌తో ఆరన్ హెర్నాండెజ్‌ను తీసుకున్నారు. 2011లో గ్రాంకౌస్కీ 90 క్యాచ్‌లు, 1,327 గజాలు. హెర్నాండెజ్ 79 క్యాచ్‌లు, 910 గజాలు. ఇద్దరూ టైట్ ఎండ్లే. డిఫెన్స్ నలుగురు డిఫెన్సివ్ బ్యాక్‌ల బేస్‌తో వస్తే హెర్నాండెజ్ పక్కకు జరిగి లైన్‌బ్యాకర్‌ను పరుగెత్తించేవాడు. ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌ల నికెల్‌తో వస్తే, 265 పౌండ్ల గ్రాంకౌస్కీ ముందు చిన్నపాటి కార్నర్‌ను నిలబెట్టి బంతిని చేత్తో పట్టుకుని తోసుకుపోయేవారు. మనుషులు మారరు, కాబట్టి అంపైర్ రాడు.

2015 జనవరి 10న బాల్టిమోర్ రేవెన్స్ మీద అదే జట్టు ఇంకో మెట్టెక్కింది. మామూలుగా ఐదుగురుండే చోట నలుగురే లైన్‌మెన్. రన్నింగ్ బ్యాక్ షేన్ వెరీన్ పాస్ అందుకోనని రిఫరీకి చెప్పి పక్కన నిలబడ్డాడు. లైన్ చివర కాసే టాకిల్ ఉండాల్సిన చోట టైట్ ఎండ్ బంతి అందుకున్నాడు. తమవాళ్లకు కుదురుకునే వ్యవధి ఇవ్వలేదన్నది కోచ్ జాన్ హార్బా అభియోగం; మైదానంలోకి దూసుకొచ్చి పెనాల్టీ తెచ్చుకున్నాడు. పేట్రియట్స్ 35-31తో గెలిచారు. ఎత్తుగడ చట్టబద్ధమేనని లీగ్ తేల్చింది, మార్చిలో మాత్రం అలా చెప్పినవాడు లైన్‌మెన్ మధ్యే నిలబడాలని నిబంధన మార్చింది.

ఇక రామ్స్ 13 దగ్గరికొస్తే, చిక్కంతా మొదటి రెండు డౌన్లలో. పైన బూత్‌లో బైనాక్యులర్లతో కూర్చున్న డిఫెన్స్ సహాయకుడు జెర్సీ నంబర్లు చూసి ‘పదమూడు’ అంటాడు. ప్లే క్లాక్ 15 సెకన్లకు రాగానే హెల్మెట్‌లో కోచ్ మాట ఆగిపోతుంది, ఈలోగా నిర్ణయం అయిపోవాలి. ముగ్గురు టైట్ ఎండ్లూ లైన్ మీదే ఉంటే లైన్‌మెన్‌తో కలిపి ఎనిమిది మంది, కాపలా కాయాల్సిన సందులు తొమ్మిది. నికెల్‌తో అన్ని సందులూ పూడ్చాలంటే వెనక ఇద్దరే మిగులుతారు. బేస్ దించితే ఆరు గజాలు వస్తాయి, తర్వాతి ప్లేకి ఎవరూ మారరు. ఒక టైట్ ఎండ్ మాత్రం అంచుకు వెళ్లి నిలబడతాడు. వాడి వెంట లైన్‌బ్యాకర్ కదిలితే అది ఒక్కొక్కరు ఒక్కొక్కరిని కాసే మ్యాన్ కవరేజ్ అని క్వార్టర్‌బ్యాక్‌కు తెలిసిపోయినట్టే. పొంతన లేని జోడీ అక్కడే దొరికింది.

మొదటి డౌన్‌లో ఒకటో రెండో గజాలే వస్తే లెక్క తిరగబడుతుంది. మూడో డౌన్‌కు ఎనిమిది గజాలు కావాల్సి ఉంటే 13లో వేగమున్నది ఒక్క రిసీవరే, అతన్ని ఇద్దరు పట్టుకుంటారు. 11కు మారక తప్పదు. మారగానే అంపైర్ బంతి మీదకొస్తాడు, డిఫెన్స్ తీరిగ్గా ఆరో డిఫెన్సివ్ బ్యాక్‌ను దించుకుంటుంది.