తెల్ల చట్నీ తగాదా వెనుక 1996

గుడ్డు, నూనె చిలికి చేసే తెల్ల చట్నీ మయోనైజ్. దాని మీద తనిఖీల మాట మళ్లీ వినపడేసరికి నల్లగొండ క్లాక్ టవర్ నుంచి మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దాకా ఫ్రైడ్ చికెన్ బండ్ల వాళ్లకు గుబులు మొదలైంది. పెద్ద కంపెనీ బోర్డు కింద చెల్లే తెల్ల చట్నీ తమ బండి మీద నేరమెట్లా అయిందన్నది వాళ్ల ప్రశ్న.

2024 అక్టోబర్‌లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో మయోనైజ్‌తో మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది. పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. అదే నెల 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. కేరళ 2023 జనవరిలోనే ఆ పని చేసింది. ఆ నిషేధం మొత్తం మయోనైజ్ మీద కాదు, పచ్చి గుడ్డు మీద. కంపెనీలు, బండ్లు వేరైంది అక్కడే.

అయితే ఆ గీత 2024లో పడింది కాదు. 1996లో మెక్‌డొనాల్డ్స్ మన దేశానికి వచ్చినప్పుడు గుడ్డు లేని మయోనైజ్ చేయించుకుంది. రోగాల భయంతో కాదు, శాకాహారులు లోపలికి రావాలని. వ్యాపారం కోసం చేసిన ఆ పనే 2024లో నిషేధం దగ్గర కవచమైంది. బండ్లవాళ్లు రుచినైతే పట్టుకున్నారు గానీ, తయారీకి వాళ్ల చేతిలో ఉన్నది మిక్సీ ఒక్కటే.

ఆ మిక్సీలో పడేది ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల నూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం. తప్పు మొదలయ్యేది ఆ నాలుగు చుక్కల్లోనే. ఫ్యాక్టరీ సరుకులో పులుపు ఎక్కువ, పచ్చి గుడ్డులో ఉండే రోగక్రిమి సాల్మొనెల్లాను పెరగనివ్వదు. బండి మీద పులుపు చాలదు, వేడి తగలదు, పైగా సాయంత్రం నాలుగింటికి తిప్పిన గిన్నె రాత్రి పదకొండు దాకా పొయ్యి పక్కనే. మే నెల నల్లగొండలో ఆ గిన్నె సంగతి చెప్పాలా!

గుడ్డు మానేయడం పెద్ద ఖర్చేం కాదు. కాచి బాగా చల్లార్చిన పాలు 100 మిల్లీలీటర్లు, నూనె 200. ముందు పాలు తిప్పుతూ నూనెను సన్నటి ధారగా వదలాలి. ఒక్కసారే గుమ్మరిస్తే కలవదు, నూనె పైకి తేలుతుంది. చిక్కబడ్డాకే వెనిగర్ వేయాలి, ముందే వేస్తే పాలు విరుగుతాయి. ఇదీ ఫ్రిజ్‌లో ఉండాల్సిందే, మిగిలింది మర్నాటికి దాచొద్దు.

అధికారుల మాట ప్రాణాలు పోయాక వెసులుబాటు కుదరదని. కాదనలేం. కానీ గిన్నెలో ఉన్నది గుడ్డుదో పాలదో కంటితో తేల్చలేరు. నమూనా హైదరాబాద్ నాచారంలోని రాష్ట్ర ఆహార పరీక్షల ల్యాబ్‌కు పోవాలి, అది అక్కడికి చేరాక నివేదికకు చట్టమిచ్చిన గడువు 14 రోజులు. గిన్నె పారబోసేది మాత్రం ఆ సాయంత్రమే. పాలకు మారినవాడికీ, మారనివాడికీ అప్పుడు తేడా ఉండదు. ప్యాకెట్ సరుకు వాడే కంపెనీ దుకాణానికి ఆ ఇబ్బంది లేదు, కవరు మీదే అన్నీ రాసి ఉంటాయి.