దోమ కుట్టేది పొట్ట కోసం కాదు, పిల్లల కోసం

లైటు ఆపి అలా పడుకున్నామో లేదో చెవి దగ్గర గుయ్య్ మని మొదలుపెడుతుంది కదా, దానికి మన చెవి మీద పగేం లేదు. మనం వదిలే ఊపిర్లో ఉండే కార్బన్ డయాక్సైడ్‌ని పసిగట్టి వస్తుంది, ఆ ఊపిరొచ్చేదేమో ముక్కులోంచి, అందుకే తల చుట్టూ తిరుగుతుంది. దగ్గరికొచ్చాక ఒంటి వేడి, చెమట వాసన చూసుకుని ఎక్కడ వాలాలో తేల్చుకుంటుంది. ఆ సౌండ్ రెక్కలది, సెకనుకి కొన్ని వందల సార్లు కొట్టుకుంటాయి. మనకి చిరాకు గానీ మగదోమకి అదే పిలుపు, మీసాల మొదట్లో ఉండే అవయవంతో వింటూ వెతుక్కుంటూ వచ్చేస్తుంది.

కుట్టేది ఆడదోమ ఒక్కటే. దానికైనా ఎగరడానికి కావాల్సిన ఓపిక పూల తేనె, మొక్కల రసాల్లోని చక్కెర నుంచే వస్తుంది, మగదానికైతే జీవితాంతం అదే తిండి. రక్తం గుడ్ల కోసం, అందులో ఉండే ప్రోటీన్ లేకపోతే గుడ్లు సరిగ్గా తయారవ్వవు.

దాని తొండం ఒక సూది అనుకుంటాం, కానీ అది ఒక తొడుగులో దాచిన ఆరు సన్నటి పుల్లల కట్ట. రెండు చర్మాన్ని కోస్తాయి, రెండు పక్కకి లాగి పట్టుకుంటాయి, ఒకదాంట్లోంచి దోమ ఎంగిలి లోపలికి దిగుతుంది, ఇంకోదాంట్లోంచి రక్తం పైకొస్తుంది. తొడుగు మాత్రం లోపలికి పోదు, మోకాలు మడిచినట్టు వంగి బయటే ఉండిపోతుంది. లోపలికెళ్లిన పుల్లలు అటూ ఇటూ వంగుతూ రక్తనాళం కోసం వెతుకుతాయి, ఇదంతా మనకి తెలీకుండానే. మలేరియాని మోసే అనాఫిలిస్ దోమైతే తాగుతూనే వెనక నుంచి చుక్కలు వదిలేస్తుంది, నీళ్లు బయటికి, చిక్కటి సరుకు కడుపులోకి అన్నమాట. ఇక దురద అంటారా, అది మన శరీరం పనే, రక్తం గడ్డకట్టకుండా దోమ వదిలిన ఎంగిలి మీద మన రోగనిరోధక వ్యవస్థ గొడవకి దిగితే వచ్చిన దద్దురు అది.

నాకు అన్నిట్లోకీ ఈడిస్ ఈజిప్టై భలే విచిత్రంగా అనిపిస్తుంది, అదే, కాళ్ల మీద తెల్ల చారలతో పగలే కుట్టే డెంగీ దోమ. ఒకప్పుడు ఆఫ్రికా అడవుల్లో చెట్టు తొర్రల్లో నిలిచిన నీళ్లలో పిల్లల్ని పెట్టి జంతువుల రక్తంతో సరిపెట్టుకునేది, మనుషులు ఇంట్లో నీళ్లు నిలవ చేసుకోవడం మొదలుపెట్టాక తొర్ర కన్నా కుండ సుఖం అనుకుందో ఏమో మన పక్కన చేరింది, తర్వాత ఓడల్లో మంచినీళ్ల పీపాలెక్కి సముద్రాలు దాటేసింది. ఎల్లో ఫీవర్ అనే వైరస్ జ్వరాన్ని మోసుకెళ్లేది ఈ దోమేనని క్యూబా డాక్టర్ కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 1900లో అమెరికా సైన్యం డాక్టర్ వాల్టర్ రీడ్ బృందం ప్రయోగాలు చేసి చూపించాకే నమ్మారు.

దాని అసలు తెలివి గుడ్లు పెట్టడంలో ఉంది. నీళ్ల మీద పెట్టదు, నీటిమట్టానికి కాస్త పైన తడిగా ఉన్న గోడకి ఒక్కొక్కటిగా అంటిస్తుంది, నల్లటి నలకల్లా ఉంటాయి. అందుకే బకెట్లో నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపలి గోడ గట్టిగా తోమాలి. తోమకుండా మూల పెట్టేస్తే ఆ గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి అలాగే అతుక్కుని ఉంటాయి, ఎప్పుడో మనం మళ్లీ నీళ్లు పట్టి ఆ అంచు మునిగిందా, లార్వాలు బయటికొచ్చేస్తాయి.