పుంజుల హాజరు పట్టీ నుంచి రెట్టల లెక్క దాకా

యూరప్ కొండ అడవుల్లో కేపర్‌కెయిలీ అని ఒక పెద్ద గ్రౌస్ పక్షి ఉంటుంది, మన అడవికోడికి దూరపు చుట్టం అనుకోండి, పుంజు నాలుగు కిలోల దాకా తూగుతుంది, పెట్ట అందులో సగమే. వీటిని లెక్కపెట్టే పాత పద్ధతి ఏంటంటే, ఏప్రిల్ మే నెలల్లో తెల్లారకముందే పుంజులన్నీ ఒకచోట చేరి తోకలు విప్పి పెట్టల ముందు షో చేస్తాయి, దాన్నే లెక్ అంటారు, అక్కడ దాక్కుని కూర్చుని ఎన్ని కనబడితే అన్ని రాసుకోవడమే. పెట్టలు ఇలా వచ్చి అలా పోతాయి, కుర్ర పుంజులు చాలావరకు ఓ పక్కన నక్కి ఉంటాయి, ఎవరికీ తెలియని లెక్ అయితే అసలు లెక్కలోకే రాదు, పైగా మనిషి అలికిడికే బెదిరిపోయే పక్షి ఇది. అంటే ఇన్నేళ్లూ జనాభా అంటూ రాసింది చాలావరకు పుంజుల హాజరు పట్టీయే.

1992లో ఇటలీ ఎలుగుబంట్ల మలం నుంచి డీఎన్ఏ తీయొచ్చని తేలాక దారి దొరికింది (పులి పెంటతో ఇదే పని మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లూ చేస్తారు). 2000లో సెగెల్‌బాకర్ అనే పరిశోధకుడి టీమ్ ఈ పక్షికే పనికొచ్చే మైక్రోశాటిలైట్ మార్కర్లు తయారుచేసింది, అంటే డీఎన్ఏలో పదే పదే రిపీటయ్యే చిన్న ముక్కలు, వాటి పొడవు పక్షికీ పక్షికీ మారుతుంది కాబట్టి వేలిముద్రల్లా పనికొస్తాయి. చలికాలం అంతా ఇవి ఎక్కువగా పైన్ లాంటి చెట్ల ఆకులే తింటాయి, చెట్టు కింద రెట్టలు కుప్పలుగా పడుంటాయి, పేగుల్లోంచి రాలిన కణాలు వాటికి అంటుకుని ఉంటాయి, చలికి డీఎన్ఏ తొందరగా పాడవదు. ఏ రెట్ట ఏ పక్షిదో, పుంజో పెట్టో తెలిసిపోతుంది, అదే పక్షి రెట్ట మళ్లీ మళ్లీ ఎంత తరచుగా దొరుకుతోందో చూసి మొత్తం ఎన్నున్నాయో అంచనా కడతారు, చేపలకి గుర్తు వేసి వదిలి మళ్లీ పట్టే పాత ట్రిక్కే, కాకపోతే ఇక్కడ పక్షిని ముట్టుకునే పనే లేదు.

చిక్కేంటంటే రెట్టలో డీఎన్ఏ తక్కువ, ముక్కలైపోయి ఉంటుంది, టెస్టులో ఒక్క ముక్క మిస్సయినా ఒకే పక్షి రెండు పక్షులుగా కనబడి జనాభా ఉత్తినే పెరిగిపోతుంది, అందుకే ఒకే శాంపిల్‌ని పదే పదే రన్ చేస్తారు, ఖర్చంతా అక్కడే.

2010లో స్విస్ ఆల్ప్స్‌లో రెండు పద్ధతులూ పక్కపక్కన పెట్టి చూస్తే పాత సర్వేలు తక్కువ చూపిస్తున్నాయని తేలింది. అలాగని ప్రతిచోటా శుభవార్తే రాలేదు. స్పెయిన్ కాంటాబ్రియన్ కొండల్లో ఈ పక్షి పరిస్థితి విషమంగా ఉందని 2018లో ప్రభుత్వమే ప్రకటించింది, తర్వాత చేసిన జెనెటిక్ సెన్సస్‌లో 300 లోపే ఉన్నట్టు అంచనా వచ్చింది, అందులోనూ పుంజుల కంటే పెట్టలు బాగా తక్కువ, లెక్ దగ్గర ఎన్ని తెల్లవారుజాములు కూర్చున్నా ఆ సంగతి బయటపడేది కాదు.