సూదీ దూదీ: బొంత కుట్టేవాళ్ల అపోహలు – వాస్తవాలు

బొంత రెండు ఉతుకులకే ముడుచుకుపోయిందనో, ఎర్రముక్క రంగు పక్కనున్న తెల్లముక్కకు అంటుకుందనో, వరసలు కలవలేదనో చాలామంది తమ చేతినే తప్పుపట్టుకుంటారు. అతుకుల బొంత చెడిపోయేది కుట్టేటప్పుడు తక్కువ, కుట్టకముందే ఎక్కువ. గుడ్డ ఎంచుకోవడంలో, సూది నంబరులో, మిషన్‌లో వేసే నూనెలో, గీత గీసే పెన్నులో తప్పు జరిగిపోయి ఉంటుంది. కుట్టు నేర్చుకునేవాళ్ల దగ్గరా, ఏళ్లుగా కుడుతున్నవాళ్ల దగ్గరా తరచూ వినపడే అపోహలు ఇవి.

అపోహ: పాత చీర ఏదైనా బొంతకు పనికొస్తుంది.

పాత నూలు చీర పనికొస్తుంది. ఉతికి ఉతికి అది ముడుచుకోవాల్సినంతా ముడుచుకుని, మెత్తబడి ఉంటుంది. సూది సాఫీగా దిగుతుంది. జార్జెట్, పాలిస్టర్ చీరలు పొరల మధ్య జారిపోతాయి. పైన కుట్టు తిన్నగా కనిపిస్తున్నా లోపల మడత పడి ఉంటుంది, పడుకుంటే వీపుకు గడ్డలా తగులుతుంది.

చీరను ముందు వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మడమ తగిలే కింది అంచు, కుచ్చిళ్లు పడే చోటు ముందు అరిగిపోతాయి. అనుమానం ఉన్నచోట రెండు బొటనవేళ్లూ పక్కపక్కన పెట్టి గట్టిగా లాగండి. పోగులు విడిపోతే ఆ భాగం లోపలి పొరకే, పైకి వద్దు. ఫాల్ విప్పేయాలి. అది చాలాసార్లు వేరే రకం గుడ్డ. ఉతికినప్పుడు ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా నడిచి అంచు మెలికలు తిరుగుతుంది. జరీ అంచు కూడా కత్తిరించేయాలి. జరీ పోగు సూదికి అడ్డం పడుతుంది, పక్కన ఉన్న నూలు దారాన్ని కోసేస్తుంది.

లెక్క ఇలా వేసుకోవచ్చు. అయిదున్నర మీటర్ల చీరను అడ్డంగా సగానికి కత్తిరిస్తే 2.75 మీటర్ల ముక్కలు రెండు వస్తాయి. మూడు చీరలకు ఆరు పొరలు. చేత్తో హాయిగా కుట్టగలిగేది ఆరు పొరల దాకానే. ఆపైన సూది నిటారుగా దిగదు, కింద కుట్టు ఎగుడుదిగుడు అవుతుంది. ఒక మనిషి బొంతకు 2.1 మీటర్ల పొడవు చాలు. మిగిలిన 65 సెంటీమీటర్ల ముక్కలు పైన అతుకులకు సరిపోతాయి.

అడుగున కొత్త గుడ్డ వేస్తుంటే తప్పకుండా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. కొత్త నూలు గుడ్డ నూటికి 3 నుంచి 5 వంతులు ముడుచుకోవడం మామూలే. రెండున్నర మీటర్లకు 4 వంతులంటే 10 సెంటీమీటర్లు. అంత గుడ్డ తగ్గితే పైపొర బుడగలా లేస్తుంది.

అపోహ: ఉప్పునీళ్లలో నానబెడితే రంగు దిగదు.

అన్నిటికంటే లోతుగా నాటుకుపోయిన నమ్మకం ఇదే. దీనివల్ల పాడయ్యే బొంతలకు లెక్క లేదు. నూలుకు రంగు వేసే తొట్టిలో ఉప్పు వేస్తారు, నిజమే. నీళ్లలో ఉన్న రంగును పోగువైపు నెట్టడం అక్కడ దాని పని. రంగు వేయడం అయిపోయి, దుకాణం దాటి, మన ఇంటికి వచ్చిన గుడ్డలో వదులుగా ఉన్న రంగును ఉప్పు పట్టి ఉంచలేదు. వెనిగర్ కూడా అంతే. పట్టు, ఉన్నిలకు వేసే కొన్ని రంగులకు పులుపు అవసరమవుతుంది, నూలుకు కాదు.

చేయాల్సింది పరీక్ష. ముదురు రంగు గుడ్డలోంచి రెండంగుళాల ముక్క కత్తిరించండి. గ్లాసు వేడినీళ్లలో దాన్నీ, ఒక తెల్ల నూలు ముక్కనూ కలిపి అరగంట ఉంచండి. ఆ తరవాత పిండకుండా రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఆరనివ్వండి. తెల్లముక్కకు మరక పడితే ఆ గుడ్డను విడిగా, నీళ్లు తేరుకునేదాకా ఉతకాలి. నాలుగైదు ఉతుకుల తరవాతా రంగు దిగుతూనే ఉంటే తెల్లముక్క పక్కన దాన్ని వాడకండి. పెడన కలంకారీ ముక్కలు బొంత పైపొరకు ఎంతో అందం తెస్తాయి. వాటినీ ముందు ఉతికే వాడాలి. ఇనుము కలిసిన నల్లరంగు ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డను పెళుసు చేస్తుంది కాబట్టి, మరీ పాత కలంకారీలో నల్లగీతలు ఎక్కువున్న ముక్కను రోజువారీ ఉతికే బొంతకు వాడకపోవడం మేలు.

అపోహ: నంబరు పెద్దదైతే సూది పెద్దది.

మిషన్ సూదికి అది నిజం. 11 సన్నం, 14 మధ్యరకం, 16 లావు. చేతిసూదికి పూర్తిగా తారుమారు. 10 నంబరు కంటే 7 నంబరు సూది పొడవు, లావు కూడా. దారానికి కూడా తిరగేసిన లెక్కే, 60 నంబరు దారం 40 కంటే సన్నం. ఇది తెలియక మొదటిసారే 10 నంబరు చేతిసూది కొని, బెజ్జంలో దారం ఎక్కక విసుగొచ్చి పని వదిలేసినవాళ్లున్నారు.

ఆరు పొరల పాత చీరల బొంతకు 7 లేదా 8 నంబరు చేతిసూది, 40 నంబరు నూలు దారం సరిగ్గా కుదురుతాయి. పల్చటి దూది పెట్టి చిన్న కుట్లు వేయాలంటే పొట్టి సూదులు మంచివి. అవి వంగవు, మూడు నాలుగు కుట్లు ఒకేసారి ఎక్కించుకోవచ్చు. దబ్బనంతో బొంత కుట్టకండి. అది గోనెసంచులకు. నూలుగుడ్డలో అది చేసిన కంత పూడుకోదు.

మిషన్‌పై మూడు పొరలకు 14 నంబరు చాలు. టక్ టక్ అని చప్పుడు వస్తే సూది మొన పోయినట్టే. ఒక బొంతకు ఒక కొత్త సూది అనుకోండి, ఖర్చు పదో పరకో. సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది. ఏ మిషన్‌లోనైనా దారం ఆ గాడి ఉన్న వైపు నుంచే ఎక్కాలి. సూది తిరగేసి బిగిస్తే కుట్టు పడనే పడదు.

అపోహ: దారం పొడవుగా తీసుకుంటే మాటిమాటికీ ముడి వేసే పని తప్పుతుంది.

పని తప్పదు, దారమే తెగుతుంది. ప్రతి కుట్టుకూ మొత్తం దారం గుడ్డలోంచి జారాలి. బెజ్జం దగ్గర అదే చోట రాపిడి తగిలి నూగు లేస్తుంది, మెలికపడుతుంది, చివరికి తెగుతుంది. మోచేయి నుంచి వేలికొన దాకా, అంటే 18 అంగుళాలు, సరైన కొలత. దారాన్ని తేనెమైనం ముక్కమీద రెండుసార్లు లాగి, రెండు కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే మైనం పోగులోకి ఇంకుతుంది, ముడులు పడవు. కొవ్వొత్తి మైనం బదులుకు రాదు. అది పొలుసులుగా రాలి గుడ్డమీద మచ్చలు వేస్తుంది. అంగుస్తానం, అంటే సూదిని నెట్టేందుకు వేలికి తొడిగే చిన్న టోపీ, నడిమివేలికి పెట్టుకోవాలి. లేకుండా కుడితే రెండోరోజు వేలే మాట్లాడుతుంది.

అపోహ: మిషన్‌కు ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వేసినా చాలు.

దయచేసి వేయకండి. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఎండాకాలం బాగానే తిరిగిన మిషన్ డిసెంబరు పొద్దున చక్రం కదలనంటుంది. గడ్డకట్టకపోయినా గాలికి, వేడికి చిక్కబడి జిగురై, దుమ్మునూ నూగునూ పట్టేసుకుంటుంది. కుట్టుమిషన్‌కు అమ్మే పల్చటి తెల్ల నూనె మాత్రమే వేయాలి. కిరసనాయిలు మురికిని కరిగిస్తుంది కానీ జారుడు ఇవ్వదు. పట్టేసిన మిషన్‌ను విడిపించడానికి వాడినా, శుభ్రంగా తుడిచి తరవాత మిషన్ నూనె వేయాల్సిందే.

బొంత పనిలో నూగు మామూలు కుట్టు కంటే చాలా ఎక్కువ. రెండు మూడు బాబిన్లు అయిపోగానే సూది తీసి, గుడ్డను ముందుకు జరిపే పళ్లమీది ప్లేటు విప్పి, చిన్న కుంచెతో పళ్ల మధ్యా షటిల్ చుట్టూ నూగు లాగేయండి. నోటితో ఊదకండి, అది లోపలికే పోతుంది. షటిల్ తిరిగే చోట ఒక్క చుక్క నూనె వేసి, పనికిరాని గుడ్డమీద నాలుగు వరసలు కుట్టాక అసలు గుడ్డ పెట్టండి.

అపోహ: కింద ఉచ్చులు పడుతుంటే తప్పు బాబిన్‌ది.

కింద ఉచ్చులు పడుతున్నాయంటే చాలావరకు పైదారం వదులుగా ఉన్నట్టు. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు, పైపైన ఆనుకుంటుంది. పాదం పైకి లేపి పైదారం మొత్తం మళ్లీ ఎక్కించండి. తరవాత సూది మార్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతేనే టెన్షన్ మర తిప్పాలి. బాబిన్ కేస్ స్క్రూ ముట్టుకోవడం ఆఖరి పని.

అపోహ: ముక్కలు కలిపేటప్పుడు కుట్టు కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది.

రవికెలో సర్దుకోవచ్చు, ముక్కల పనిలో సర్దుకోదు. ముక్కల పనికి కుట్టు మడత, అంటే కుట్టుకూ గుడ్డ అంచుకూ మధ్య వదిలే గుడ్డ, పావంగుళం. ఒక్కో ముక్కలో ఒక మిల్లీమీటరు ఎక్కువ తిన్నారనుకోండి, కుట్టుకు రెండు మిల్లీమీటర్లు పోతాయి. ఎనిమిది ముక్కల వరసలో ఏడు కుట్లు, 14 మిల్లీమీటర్లు తక్కువ. కింది వరసతో అది ఎలా కలుస్తుంది?

పరీక్షకు ఒకటిన్నర అంగుళం వెడల్పున్న పట్టీలు మూడు కుట్టి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీ కొలవండి. సరిగ్గా అంగుళం ఉండాలి. తక్కువ వస్తే మీ కుట్టు లోపలికి పోతోంది. మడత పడినచోట గుడ్డ మందం కొంత తింటుంది కాబట్టి, కుట్టు పావంగుళం కంటే ఒక పోగు తక్కువగా వేయడమే సరైన పద్ధతి. కుదిరిన కొలత దగ్గర ప్లేటుమీద మాస్కింగ్ టేపు అతికించుకోండి. ఇస్త్రీ పెట్టెను అద్దాలి, తోయకూడదు. క్రాస్‌గా కత్తిరించిన త్రికోణాలు తోస్తే సాగిపోతాయి. అలాంటి గుడ్డకు కత్తిరించకముందే గంజి పెట్టడం మన ఇళ్లలో ఉన్న మంచి ఉపాయం. పని పూర్తయ్యాక ఆ గంజి ఉతికేయాలి, లేకపోతే దాచినచోట పురుగు పడుతుంది.

అపోహ: రోటరీ కట్టర్ ఉంటే కత్తెర అక్కర్లేదు.

1979లో జపాన్‌లో ఓల్ఫా సంస్థ తెచ్చిన ఈ చక్రం కత్తి ముక్కల పనిని చాలా మార్చింది. పొడవైన పట్టీలకు, చదరాలకు దానికి సాటి లేదు. 45 మిల్లీమీటర్ల బ్లేడు అన్నిటికీ సరిపోతుంది. వంపులకు, చిన్న మూలలకు మాత్రం కత్తెరే. గుడ్డ కింద పరిచే కటింగ్ మ్యాట్‌ను ఎండలో, కారులో వదలకండి, ఒంగిపోయి మళ్లీ చదును కాదు. గుడ్డ కత్తెరతో కాగితం కోయకూడదన్నది అపోహ కాదు, నిజం. కాగితంలో కలిపే సుద్దలాంటి పొడులు పదును తినేస్తాయి.

అపోహ: వేడికి పోయే పెన్ను గీత పోయినట్టే.

కనిపించకుండా పోతుంది, సిరా గుడ్డలోనే ఉంటుంది. గడ్డకట్టే చలిలో మళ్లీ తేలుతుంది. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న మనవరాలికి చలికాలంలో పార్సిల్ పంపేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ముదురు గుడ్డమీద తెల్లటి చారకూడా మిగల్చవచ్చు. నీళ్లకు పోయే నీలం పెన్నుది దీనికి ఎదురు గుణం. ఉతక్కుండా ఇస్త్రీ చేస్తే మరక నిలిచిపోతుంది. ముదురు రంగుకు టైలర్లు వాడే అరిగిపోయిన సబ్బుముక్కను మించింది లేదు. ఎండిన ముక్క అంచును చాకుతో పదును చేస్తే సన్నటి గీత వస్తుంది, ఒక్క ఉతుకుకు పోతుంది.

అపోహ: దూది ఎంత ఎక్కువైతే బొంత అంత మంచిది.

ఏకిన దూదిలో పోగును పోగుకు పట్టించే జిగురేమీ ఉండదు. కుట్టు వరసల మధ్య రెండు మూడంగుళాలు మించితే ఉతికినప్పుడు మూలకు చేరి ఉండలు కడుతుంది. పాలిస్టర్ వాడింగ్ (దూది బదులు పెట్టే పరుపులాంటి పొర) తేలిక, ఉండ కట్టదు. చదరపు మీటరుకు 100 గ్రాములది తీసుకుంటే 1.5 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల పొడవున్న బొంతకు 315 గ్రాములు పడుతుంది. అయితే అది చెమట పీల్చదు. మన ఎండలకు చీరల పొరల బొంతే సుఖం.

పొరలు కదలకుండా నడిమి నుంచి అంచులకు, అరచేతి వెడల్పున టాకాలు (తరవాత విప్పేసే పెద్ద కుట్లు) వేసుకోవాలని చెప్తారు. ముందే పరిచిన పొరలకు అది సరైన మాట, వదులంతా బయటికి పోతుంది. కర్ణాటకలోని, ఆఫ్రికా మూలాలున్న సిద్ధి తెగ స్త్రీలు కుట్టే కవంది అనే బొంత తీరు వేరు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ముక్కా చేరుస్తూ లోపలికి కుట్టుకుంటూ వస్తారు. పైపొర ముందుగా పరచరు కాబట్టి పేరుకోవడానికి వదులే ఉండదు.

అపోహ: మిగిలిన వాడింగ్‌తో మసిగుడ్డలు కుట్టుకోవచ్చు.

ఇది చేతులు కాల్చే అపోహ. పాలిస్టర్ వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది, ఫోమ్ కూడా పనికిరాదు. ఎనిమిది అంగుళాల చదరం మసిగుడ్డకు లోపల పాత నూలు తువ్వాలు పొరలు రెండు, జీన్స్ పొర ఒకటి పెట్టి, ఒకటిన్నర అంగుళానికో వరస కుట్టండి. తడి మసిగుడ్డతో వేడిగిన్నె పట్టుకోవద్దు, నీరు వేడిని వెంటనే చేతికి చేరుస్తుంది. కుట్టు దారం కూడా నూలుదే ఉండాలి. పాలిస్టర్ దారం పొయ్యి సెగకు కరిగిందంటే అంచు అక్కడి నుంచే విప్పుకుంటుంది.