కార్ వాష్‌లో సీసీ కెమెరాలు: ఓనర్ల అపోహలు, సైట్‌లో కనిపించే వాస్తవాలు

కెమెరాలు బిగించే పనిలో ఉన్నా చాలా ఏళ్లుగా. షాపులు, గోడౌన్లు, అపార్ట్‌మెంట్లు అన్నీ చేశాను గానీ కార్ వాష్ అంత మొండి సైటు ఇంకోటి చూళ్లేదు. నీళ్లు, నురగ, ఆవిరి, కెమికల్స్, నేరుగా లెన్స్‌లోకి కొట్టే హెడ్‌లైట్లు, అన్నీ ఒకే షెడ్డులో. కొటేషన్ అడిగే ఓనర్లు అనే మాటలు మాత్రం ప్రతిసారీ ఇంచుమించు అవే, అందుకే ఒకసారి రాసి పెట్టేద్దామని కూర్చున్నా.

అపోహ: కెమెరాలు దొంగల కోసమే

దొంగలు ఉండరని కాదు. రాత్రి పేమెంట్ మెషీన్ మీద పడేవాళ్లు, వాక్యూమ్ పైపు కోసుకుపోయేవాళ్లు ఉన్నారు. కానీ ఫుటేజ్ తీసిపెట్టమని నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ శాతం ఒకటే గొడవ: "మీ బ్రష్ వల్లే నా బంపర్ పోయింది, డబ్బులు కట్టండి." ఇక్కడ పనికొచ్చేది కారు కడిగాక తీసిన వీడియో కాదండీ, కడగడానికి ముందు ఎలా ఉందో చూపించే వీడియో. ఒక సైట్‌లో 12 కెమెరాలున్నాయి, బేలు (కార్లు కడిగే చోట్లు), కౌంటరు, వెయిటింగ్ రూము, స్టాఫ్ టీ తాగే మూల కూడా కనిపిస్తాయి, ఎంట్రీలో కారు పక్కభాగం మాత్రం ఒక్క దాంట్లోనూ పడదు. ఆ ఓనరు మూడు క్లెయిమ్‌లు జేబులోంచి కట్టాక నన్ను పిలిచాడు. మేం కొత్తగా ఏం కొనలేదు, టీ మూలలోది, వెయిటింగ్ రూములో రెండోది, ఇంకో రెండు పీకి ఎంట్రీకి తెచ్చాం, కారు నాలుగు మూలలకి నాలుగు. కొన్నాళ్లకే సైడ్ మిర్రర్ విరిగిందని ఒకాయన గొడవకొచ్చాడు. ఎంట్రీ వీడియో ఆపి జూమ్ చేస్తే అద్దం అడుగున ట్రాన్స్‌పరెంట్ టేపు అంటించి ఉంది, లైట్ పడి సన్నగా మెరుస్తోంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. సన్నటి గీతలు, పాలిష్ పోయిన గుండ్రటి మచ్చలు ఏ కెమెరాలోనూ సరిగ్గా పడవు. కారు తడిస్తే గీతలో నీరు నిండి అసలే కనపడదు, మట్టి కొట్టుకుని వస్తే గీత మట్టి కిందే ఉంటుంది. సొట్టలు, విరిగిన మిర్రర్లు, వేలాడే బంపర్లు, ఊడిన వైపర్లు, వీటి వరకే కెమెరాని నమ్ముకోండి. గీతలు కూడా పట్టేస్తుందని ఎవరైనా అమ్మితే డెమో అడగండి.

అపోహ: ఐపీ67 అని రాసుంది, ప్రెషర్ గన్‌తో కొట్టినా ఏం కాదు

దుమ్ముని, నీటిని కెమెరా ఎంతవరకు ఆపుతుందో చెప్పే కోడ్ ఈ ఐపీ నంబరు. దీన్ని అందరూ మార్కుల్లా చూస్తారు, 67 అంటే 66 కన్నా ఎక్కువ కదా అని. అలా కాదు. ఐపీ66 టెస్టులో 12.5 మిల్లీమీటర్ల నాజిల్‌తో, దాదాపు 3 మీటర్ల దూరం నుంచి, నిమిషానికి 100 లీటర్ల నీళ్లు కొడతారు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచుతారు, అంతే, జెట్‌తో కొట్టడం ఆ టెస్టులో లేదు. అందుకే రెండూ రాసున్నది వేరు, 67 ఒక్కటే రాసున్నది వేరు. వాష్ గన్ దగ్గర్నుంచి తగిలే చోట అడగాల్సింది ఐపీ69కే (IP69K) అనే రేటింగు, దానికి 80 డిగ్రీల వేడి నీళ్లని 80 నుంచి 100 బార్ ప్రెషర్‌తో 10-15 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టి చూస్తారు.

అయితే ఈ టెస్టులన్నీ మామూలు నీళ్లతో. సబ్బు, వీల్ క్లీనర్ యాసిడ్, ప్రీసోక్ (కడిగేముందు మురికి నానడానికి కొట్టే ద్రవం) క్షారం వీటి లెక్కలో లేవు. బే లోపల పెట్టిన అల్యూమినియం బాడీ కెమెరాకి కొన్నాళ్లకే స్క్రూల చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటుంది, ప్లాస్టిక్ కవర్ పొగ పట్టినట్టు మసకబారుతుంది. బే లోపల తప్పదంటే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ బాడీది తీసుకోండి, లేదంటే మామూలు దాన్నే బే బయటినుంచి లోపలికి చూసేలా పెట్టండి, నేనైతే రెండోదానికే ఓటేస్తా.

ఇంకో సంగతి, నీళ్లు లెన్స్ వైపు నుంచి వెళ్లడం నేను చూసింది తక్కువ. కెమెరా వెనక తోకలా వేలాడే వైరు ఉంటుంది చూడండి, దాని చివర కనెక్టర్ దగ్గరే అంతా. చచ్చిపోయిన కెమెరా దింపి ఆ జాయింట్ మీది నల్ల టేపు విప్పితే పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి, కేబుల్ వంచితే లోపల్నుంచి చుక్క కారుతుంది. జాయింట్ టేపు చుట్టి వదిలేయకుండా జంక్షన్ బాక్సులో ఉండాలి, కేబుల్ బాక్సు కిందినుంచి వెళ్లాలి, వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు కేబుల్ మీద జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కిందపడిపోతాయి. దీనికి పట్టే ఖర్చు కెమెరా ధరలో ఏ మూలకీ రాదు, ఎగ్గొట్టేది మాత్రం ముందు ఇదే.

అపోహ: మెగాపిక్సెల్ పెరిగితే నంబర్ ప్లేట్ పడుతుంది

చూడాల్సింది బొమ్మలో పడే చోటు వెడల్పులో మీటరుకి ఎన్ని పిక్సెల్స్ అని. మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకి 250 పిక్సెల్స్ అని కెమెరాల అంతర్జాతీయ స్టాండర్డ్‌లో 2014లో పెట్టారు. ఫుల్ హెచ్‌డీ కెమెరాకి అడ్డంగా 1920 పిక్సెల్స్, అంటే ఏడున్నర మీటర్ల వెడల్పు వరకే ఆ క్వాలిటీ. ఫోర్‌కే అయితే 3840, కానీ దాన్ని తీసుకెళ్లి 30 మీటర్ల యార్డు మొత్తం కనపడేలా పెడితే మీటరుకి 128 వస్తాయి. డబ్బంతా పోసి మళ్లీ మసకే.

నంబర్ ప్లేట్‌కి ఇంకో తలనొప్పి షట్టర్. రాత్రి మామూలు కెమెరా వెలుతురు కోసం సెకనులో 30వ వంతు సేపు షట్టర్ తెరుస్తుంది, 18 కిలోమీటర్ల స్పీడులో వచ్చే కారు ఆలోపు 17 సెంటీమీటర్లు కదిలిపోతుంది, ఇంక అంకెలేం మిగుల్తాయి? వెయ్యో వంతు పెడితే కదిలేది 5 మిల్లీమీటర్లే, ప్లేట్ కత్తిలా వస్తుంది గానీ చుట్టూ చీకటి. అందుకే ప్లేట్‌కి విడిగా ఒక కెమెరా, దానికి సొంత ఇన్‌ఫ్రారెడ్ లైటు, కారు బాగా స్లో అయ్యే చోట, మరీ పక్కనుంచి కాకుండా. రెండు పనులూ ఒకటే చేస్తుందంటే నమ్మకండి.

అపోహ: డోమ్ అందంగా ఉంటుంది, అదే వేయండి

ఆ గాజుబుడగ మీద నీటిచుక్కలు నిలుస్తాయి, సబ్బు పొర పడుతుంది, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ ఆ పొరకే కొట్టుకుని వెనక్కొచ్చి బొమ్మంతా తెల్లగా అయిపోతుంది. బుల్లెట్ (గొట్టంలా ఉండేది) లేదా టరెట్ (బుడగ లేకుండా బంతిలా తిరిగేది) వేయించుకోండి. ఏదైనా సరే వారానికోసారి తుడవాలి, తుడిచే మనిషెవరో ముందే అనుకోండి.

అపోహ: వైఫై అయితే కేబుల్ ఖర్చు మిగులుతుంది

కరెంటు వైరు ఎలాగూ లాగాలి కదా. పైగా ఇనుప షెడ్డు, మధ్యలో తిరిగే ఇనుప కార్లు, నీటి తెరలు. కేబుల్ లాగండి, ఒకే కేబుల్‌లో కరెంటూ డేటా రెండూ వెళ్తాయి, 100 మీటర్ల లోపు ఉంటే చాలు. కేబుల్ పూర్తి రాగిదేనా అని కట్ చేసి చూసుకోండి, రాగిపూత పూసిన అల్యూమినియంది గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

అపోహ: 2 టీబీ హార్డ్ డిస్క్‌లో నెల రోజులు వస్తుంది

కాగితం తీసి లెక్కేద్దాం. ఒక కెమెరా 4 ఎంబీపీఎస్‌తో రికార్డ్ చేస్తే రోజుకి 43 జీబీ. ఎనిమిది కెమెరాలకి దాదాపు 345. రెండు టీబీలు ఆరు రోజులు కూడా రావు. కస్టమరేమో ఊరెళ్లొచ్చి పదో రోజు ఫోన్ చేస్తాడు. అప్పుడు వెతికితే దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే.

మోషన్ రికార్డింగ్ (కదలిక ఉన్నప్పుడే రికార్డ్ చేయడం) పెడితే మిగులుతుందిగా అంటారు. ఇంట్లో నిజమే, బేలో మాత్రం బ్రష్ తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు పడుతూనే ఉంటాయి, కెమెరాకి అదంతా మోషనే, పనివేళల్లో పెద్దగా తేడా రాదు. నేను చేసేదేంటంటే ఎంట్రీ, కౌంటర్ కెమెరాలకి ఫుల్ క్వాలిటీ ఉంచి, బే కెమెరాలకి ఫ్రేములు తగ్గించి, అన్నింటికీ హెచ్.265 (వీడియోని తక్కువ చోటులో కుదించే పద్ధతి) పెడతా. అప్పుడు మిగిలే లెక్కకి తగ్గ డిస్క్, అదీ 24 గంటలూ తిరగడానికి చేసిన సర్వైలెన్స్ డిస్క్, కంప్యూటర్‌ది కాదు.

అపోహ: నెలనెలా కట్టే ప్లాన్ అయితే భారం ఉండదు

నెలకి చిన్న మొత్తమే, దాన్ని ఐదేళ్ల లెక్కన 60 నెలలతో గుణించి అప్పుడు మాట్లాడండి. మూడు ప్రశ్నలు అడగండి: ఐదేళ్లయ్యాక సామాను ఎవరిది, ఒక నెల కట్టకపోతే రికార్డింగ్ ఆగిపోతుందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి. మొత్తం క్లౌడ్‌లోనే దాస్తామంటే పై ఎనిమిది కెమెరాలకి నిరంతరం 32 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి, మీ నెట్ కనెక్షన్ అప్‌లోడ్ ఎంతో ముందు చూసుకోండి. అలాగని నెలవారీ ప్లాన్లన్నీ మోసం అనను, చేతిలో డబ్బు ఆడని కొత్త సైట్‌కి అవి నిజంగా ఊపిరి పోస్తాయి, కాగితం చదివి సంతకం పెట్టండి చాలు.

ఒకేసారి కొనేటట్టయితే "8 కెమెరాల సెట్టు, ఇంత" అనే ఒక్క లైను కొటేషన్ తీసుకోకండి. కేబుల్, పైపు, బాక్సులు, నెట్‌వర్క్ స్విచ్, యూపీఎస్, డిస్క్, లేబర్ విడివిడిగా రాయించండి, తక్కువ కొటేషన్‌లో ఏది మాయమైందో అప్పుడే తెలుస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతికి రావాలని కూడా అందులోనే రాయించండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అలాగే వదిలేయనివ్వద్దు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి (రికార్డింగ్ బాక్సుల్లోకి) దూరింది ఆ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే.

బ్యాలెన్స్ మొత్తం మాత్రం చీకటి పడ్డాకే ఇవ్వండి. పగలు ఏ కెమెరా అయినా బాగానే కనిపిస్తుంది. మొన్నటి సైట్‌లో ఓనరు రాత్రి తన కారే తెచ్చి హెడ్‌లైట్లు వేసుకుని ఎంట్రీలోకి వచ్చాడు, రెండు కెమెరాల్లో తడి నేల మీది మెరుపు తప్ప ఏం లేదు, నిచ్చెన మళ్లీ వేసి యాంగిల్ మార్చాం. తర్వాత ఆ క్లిప్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఆయన లాప్‌టాప్‌లో తెరిచి, వీడియో మీది టైము, బిల్లు మీది టైము పక్కపక్కన పెట్టి చూస్తే ఏడు నిమిషాలు తేడా. అది కూడా సరిచేశాకే నాకు డబ్బులు ఇచ్చాడు.