దారి తప్పిన రక్తం, మసకబారే మెదడు

కాలేయం బాగా చెడిన రోగుల్లో కొందరు పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటారు. చేతివ్రాత వంకర పోతుంది. చేతులు చాచి, మణికట్టును పైకి వంచి ఉంచమంటే అరచేతులు ఉన్నట్టుండి కిందికి వాలి మళ్ళీ లేస్తుంటాయి. పొట్టలోని అవయవానికీ ఈ మతిభ్రమకూ ఉన్న లంకెకు స్పష్టమైన రూపమిచ్చిన వైద్యుల్లో షీలా షెర్లాక్ ముఖ్యురాలు.

1918లో డబ్లిన్‌లో పుట్టిన ఆమె 1941లో ఎడిన్‌బరోలో తన తరగతిలో ప్రథమురాలిగా వైద్యపట్టా అందుకున్నారు. అయినా ఆడవారికి హౌస్ ఉద్యోగాలు, అంటే పట్టా అందగానే ఆసుపత్రిలో చేసే తొలి ఉద్యోగాలు, ఇవ్వని రోజులవి. మరుసటి ఏడు లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో జాన్ మెక్‌మైకేల్ దగ్గర చేరి, సూదితో కాలేయం ముక్క తీసి పరీక్షించే పద్ధతిలో ఆరితేరారు.

పేగుల నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా ముందు కాలేయానికి చేరుతుంది. పేగుల్లో పుట్టిన అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చేస్తుంది. ఆ రక్తాన్ని శస్త్రచికిత్సతో పక్కదారి పట్టించిన కుక్కలు మాంసం తిన్నాక మత్తుగా, పిచ్చిగా ప్రవర్తించాయని రష్యా శరీరధర్మ శాస్త్రవేత్త పావ్లోవ్ బృందం 1893లోనే రాసింది. సిర్రోసిస్ వల్ల కాలేయం మచ్చలుకట్టి బిగుసుకుపోయిన మనిషిలో అలాంటి పక్కదారులు వాటంతటవే తెరుచుకుంటాయి. 1954లో షెర్లాక్, ఆమె సహచరులు లాన్సెట్ పత్రికలో ఈ జబ్బును 'పోర్టల్-సిస్టమిక్ ఎన్‌సెఫలోపతీ' అని పిలిచారు, అంటే పోర్టల్ సిర రక్తం కాలేయాన్ని తప్పించుకుని నేరుగా ఒంటి రక్తప్రవాహంలో కలవడం వల్ల వచ్చే మెదడు జబ్బు. జబ్బుకు అవయవం పేరు కాక రక్తం నడిచిన దారి పేరు పెట్టడంలోనే వారి వాదమంతా ఇమిడి ఉందని నాకనిపిస్తుంది.

మెదడుకు చేరిన అమ్మోనియాను అక్కడి ఆస్ట్రోసైట్ కణాలు గ్లుటమిన్‌గా మారుస్తాయి. అది నీటిని లాగడంతో కణాలు ఉబ్బుతాయి. అయితే రక్తంలో అమ్మోనియా ఎంతుందో చూసి రోగి మైకం ఎంతో చెప్పలేం, ఒంట్లో రేగిన వాపు (ఇన్‌ఫ్లమేషన్) కూడా దానికి తోడవుతుంది కాబట్టి.

కారణం పేగుల్లో ఉందని తెలిశాక చికిత్స కూడా అక్కడే మొదలైంది. పేగు బాక్టీరియాను అణచే నియోమైసిన్‌ను 1957లో షెర్లాక్ బృందం వాడి చూసింది. కానీ అది మూత్రపిండాలనూ వినికిడినీ దెబ్బతీయగలదు. 1966లో వచ్చిన లాక్టులోజ్ అనే అరగని చక్కెరే నేటికీ ముందుగా ఇచ్చే మందు. 1959లో షెర్లాక్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఆచార్యురాలయ్యారు. బ్రిటన్‌లో ఆ పదవిని చేపట్టిన తొలి మహిళా వైద్యశాస్త్ర ఆచార్యురాలు ఆమే. అక్కడి కాలేయ విభాగంలో దేశదేశాల వైద్యులు శిక్షణ పొందారు.

ఆ తరం నమ్మకాల్లో ఒకటి మాత్రం నిలవలేదు. మాంసకృత్తుల నుంచి అమ్మోనియా పుడుతుంది కనుక వాటిని బాగా తగ్గించమనేవారు. పైకి ఎంతో సబబుగా తోచే సలహా. అయితే కాలేయం చేతులెత్తేసినప్పుడు అమ్మోనియాను కొంత పీల్చుకునేది కండరాలే. మాంసకృత్తులు తగ్గితే అవీ కరిగిపోతాయి. షెర్లాక్ 2001లో మరణించారు. మామూలు మోతాదులో మాంసకృత్తులు తిన్నా మైకం పెరగదని 2004లో ఒక పరీక్ష చూపింది. ఇప్పుడు ఇలాంటి రోగులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు తినమనే చెబుతున్నారు.